చూడని వృత్తిని కోరుకునేదెలా?

(ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బస్తీల్లో ఏ విద్యార్థినైనా ఆపి, చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావని అడిగితే వచ్చే సమాధానాలు చాలా తక్కువ. డాక్టరు, ఇంజనీరు, పోలీసు, టీచరు. వీటిలో ఏదీ తనకు అందదని తోచినవారు, అబ్బాజాన్ దుకాణమో, మామూ షెడ్డో, గల్ఫ్ వీసానో చెబుతారు. అమ్మాయిలైతే చాలాసార్లు తలవంచుకొని "ఇంట్లో ఏమంటే అది" అని ఊరుకుంటారు. ఈ సమాధానాలు విని పిల్లలకు ఆశయాలు లేవని నిందించేవారున్నారు. మేము ఆ నిందను అంగీకరించము. మనిషి తాను చూసినదాన్నే కోరుకోగలడు. మన పిల్లలు చెప్పే జాబితా చిన్నదిగా ఉన్నదంటే, వారికి చూపించినది చిన్నదని అర్థం.

ఈ జాబితాను పెద్దది చేసుకోవడానికి, డబ్బు పెద్దగా ఖర్చు కాని ఒక మార్గాన్ని గురించి ఈరోజు మాట్లాడదలచాము. అది స్వచ్ఛంద సేవ. మన మాటల్లో చెప్పాలంటే ఖిద్మత్-ఎ-ఖల్క్. సేవ పుణ్యకార్యమని మీకెవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. సేవ చేసే చోట వృత్తులను దగ్గరగా చూడవచ్చునని, తనకు ఏది తగునో ముందుగానే తేల్చుకోవచ్చునని మాత్రం మన పిల్లలకు చెప్పినవారు తక్కువ.

చదువుకూ కొలువుకూ మధ్య ఉన్న అగాధం

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికను ఈ పత్రిక పాఠకులు ఎన్నోసార్లు చదివి ఉంటారు. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో మన వాటా 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం అని ఆ కమిటీ లెక్క తేల్చింది. దేశవ్యాప్తంగా ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమే, సగటు 65.1 శాతమని చూపింది.

అయితే మన తెలుగునాట పరిస్థితిలో ఒక విశేషం ఉంది. అదే 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువగా నమోదైంది. మనలో పెద్ద భాగం పట్టణాల్లో ఉండడం దీనికి ఒక కారణం. అంటే అక్షరం మన ఇంటికి రాకపోలేదు. వచ్చిన అక్షరం కొలువు దాకా, వృత్తి దాకా మనల్ని తీసుకుపోలేదు. ఈ రెంటి మధ్య ఉన్న అగాధానికి కారణాలు అనేకం. వివక్ష ఉంది, పేదరికం ఉంది, ప్రభుత్వాల నిర్లక్ష్యం ఉంది. వాటి గురించి ఈ పత్రిక ప్రతినెలా రాస్తూనే ఉంది. ఆ కారణాల సరసన మేము మరొకదాన్ని చేర్చదలచాము. అది వృత్తుల పరిచయం లేకపోవడం.

ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టిన పిల్లవాడు భోజనాల వేళ ఎన్నో సంగతులు వింటాడు. బదిలీలు, ప్రమోషన్లు, శాఖాపరమైన పరీక్షలు, ఫలానా కోర్సు చదివితే ఫలానా పోస్టుకు అర్హత వస్తుందనే సమాచారం అతని చెవిన ఊరికే పడుతుంది. అందుకోసం ఎవరికీ ఫీజు కట్టనక్కరలేదు. మన ఇళ్లలో పిల్లలు వినేది వేరు. ఇంజను చప్పుడు విని రోగం కనిపెట్టే మెకానిక్ నైపుణ్యం, జర్దోసీ పనిలో కంటికి కనిపించని కుట్టు, పండ్ల మండీలో తెల్లవారుజామున పలికే ధర. ఇవి తక్కువ విద్యలని మేము ఎన్నడూ అనము. చేతిపనితో ఇల్లు నిలబెట్టిన ప్రతి తండ్రికీ, కుట్టుమిషను మీద బిడ్డలను చదివించిన ప్రతి తల్లికీ మేము సలాము చేస్తున్నాము. కానీ కొడుకు అదే షెడ్డులోకి తాను కోరి వెళ్లడం వేరు, మరో దారి ఉన్నదని తెలియక వెళ్లడం వేరు. మొదటిది ఎంపిక. రెండవది ఎంపిక చేసుకునే హక్కును కోల్పోవడం.

తప్పటడుగు ఖరీదు

సంపన్నుల పిల్లవాడు ఒక కోర్సులో చేరి, ఏడాది తరువాత నచ్చలేదని మరొకదానికి మారగలడు. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు ఒక్కసారే వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినా పుస్తకాలు, హాస్టలు, ప్రయాణం ఖర్చులు ఇంటివే. ఇంజనీరింగులో చేరిన పిల్లవాడికి రెండో ఏట తనకు యంత్రాల కంటే మనుషులతో పని ఇష్టమని తెలిస్తే ఏం చేయాలి? నర్సింగులో చేరిన అమ్మాయికి మొదటిసారి రక్తం చూసినప్పుడు తాను తట్టుకోలేనని అర్థమైతే? చాలామంది చదువు మధ్యలో మానుకునేది ఇక్కడే. ఇంట్లోవారు "చదువు అబ్బలేదు" అంటారు. చదువు అబ్బకపోవడం కాదది. తగని చదువులో చేరడం.

బట్ట కొనేటప్పుడు వెలుతురులోకి తీసుకువెళ్లి రంగు చూస్తాము. సంబంధం కుదుర్చుకునేముందు నలుగురినీ విచారిస్తాము. నలభై ఏళ్లు చేయవలసిన పనిని మాత్రం చూడకుండా, విచారించకుండా, పక్కింటి వారి అబ్బాయి చేరాడని ఎంచుకుంటున్నాము. చేరకముందే ఆ పనిని దగ్గరగా చూసే అవకాశం ఉంటే మూడేళ్ల కాలమూ, లక్షల రూపాయలూ మిగులుతాయి. సేవ ఆ అవకాశాన్ని ఇస్తుంది.

సేవలో స్వలాభం చూసుకోవచ్చునా?

ఇక్కడ ధర్మచింతన గలవారికి ఒక సందేహం కలుగుతుంది. సేవ అల్లాహ్ ప్రసన్నత కోసం చేయవలసినది కదా, అందులో ఉద్యోగం వెతుక్కోవడం సంకల్పాన్ని కలుషితం చేయదా అని. ఇది గౌరవించవలసిన సందేహం.

ప్రవక్త ముహమ్మద్ (స) జీవితం నుంచే ఒక ఘట్టాన్ని గుర్తుచేసుకుందాం. దైవదౌత్యం లభించడానికి ఎంతో ముందు, వారు యువకులుగా ఉన్న రోజుల్లో, యెమెన్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరకు తీసుకొని మక్కా ప్రముఖుడొకరు సొమ్ము చెల్లించలేదు. పరాయివాడైన ఆ వర్తకుడికి అండ లేదు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతని పక్షాన నిలబడతామని ప్రతిన పూనారు. హిల్ఫుల్ ఫుజూల్ అని చరిత్రలో నిలిచిన ఒప్పందమది. యువకుడైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి పిలుపు వస్తే మళ్లీ స్పందిస్తానని దాన్ని గౌరవంగా స్మరించుకున్నారు. యౌవనంలో న్యాయం కోసం నలుగురితో కలిసి కూర్చున్న అనుభవం ఒక మనిషి జీవితానికి ఎంత విలువైనదో ఈ ఘట్టం చెబుతుంది.

కనుక మా సమాధానం ఇది. సంకల్పం సాటిమనిషికి మేలు చేయడమే కావాలి. ఆ మేలు చేస్తూ కళ్లు తెరిచి ఉంచుకోవడం దోషం కాదు. రోగి బంధువుకు దారి చూపిన చేయి ఆసుపత్రిని కూడా తెలుసుకుంటుంది. రేపు ఆ యువకుడు తనకు తగిన వృత్తిలో స్థిరపడితే, అతడు చేయగలిగే మేలు ఇంకా పెరుగుతుంది. అయితే ఒక షరతు మరువరాదు. మన నేర్చుకోవడం కోసం ఎదుటివారి అవసరాన్ని వాడుకోకూడదు. రోగితో ఫొటో దిగి పంచుకోవడం సేవ కాదు, ఆ రోగి గౌరవానికి భంగం.

మనం ఇప్పటికే చేస్తున్న పని

సేవ మనకు కొత్త కాదు. రమజాన్‌లో మస్జిదులో వందలాది మందికి ఇఫ్తార్ ఏర్పాటు చేసే యువకులను చూడండి. సరకు ఎంత కావాలో అంచనా వేస్తారు. చందా వసూలు చేసి లెక్క రాస్తారు. అజాన్ వేళకు ప్రతి దస్తర్‌ఖాన్ మీద పండ్లు, నీళ్లు చేరేలా చూస్తారు. ఆహార సంస్థల్లో, హోటళ్లలో, పెద్ద గిడ్డంగుల్లో జీతమిచ్చి చేయించుకునే పని ఇదే. సరఫరా నిర్వహణ, హోటల్ మేనేజ్‌మెంట్, అకౌంట్స్ అనే పేర్లతో దీనికి కోర్సులు ఉన్నాయి. ఇజ్తెమాలలో వేలమందికి దారి చూపే ఖాదిములు జనసందోహ నిర్వహణ చేస్తున్నారు. ఉరుసుల్లో తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు చేర్చేవారు మైకు ముందు స్థిమితంగా మాట్లాడడం నేర్చుకుంటున్నారు. కోవిడ్ కాలంలో అయినవారే దగ్గరకు రాని మృతదేహాలకు, మతం అడగకుండా, ఆయా మతాచారాల ప్రకారం అంత్యక్రియలు జరిపిన ముస్లిం యువకులు దేశమంతటా కనిపించారు. ఆ రోజుల్లో వారు రక్షణ దుస్తుల వాడకం, అంబులెన్సుల సమన్వయం, ఆసుపత్రి కాగితాల వ్యవహారం నేర్చుకున్నారు.

కానీ ఇంత పని చేసిన యువకుడితో, "బాబూ, నీవు చేసినదానికి ఒక పేరుంది, దానికొక చదువుంది, దానితో బతుకు సాగించవచ్చు" అని చెప్పేవారు లేరు. ఇఫ్తార్ ముగిసింది, దస్తర్‌ఖాన్ మడిచారు, ఆ నైపుణ్యాన్ని కూడా దానితోపాటే మడిచి పెట్టేశారు. మన సముదాయంలో వృథా అవుతున్న సంపదల్లో ఇదొకటి.

ఎక్కడికి వెళ్లాలి?

ఇక నేరుగా దారుల గురించి చెప్పుకుందాం.

మొదటిది ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే పేదవారికి ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో, ఆరోగ్యశ్రీ బల్ల ఎక్కడుందో తెలియదు. ఆసుపత్రి అనుమతితో వారానికి ఒక పూట అక్కడ నిలబడి దారి చూపండి. రెండు నెలల్లో మీకు తెలిసేదేమిటంటే, ఆసుపత్రి డాక్టరుతోనే నడవదు. ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నారు, రేడియోగ్రాఫర్ ఉన్నారు, డయాలసిస్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు, రికార్డుల విభాగం ఉద్యోగులు ఉన్నారు. నీట్‌లో సీటు రాని విద్యార్థి తన వైద్యరంగ ఆశకు నీళ్లు వదులుకోనక్కరలేదు. జనరల్ నర్సింగ్ మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, డీఫార్మసీ రెండేళ్లు. ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు వంటి అనుబంధ వైద్యవృత్తుల కోసం పార్లమెంటు 2021లో ప్రత్యేక చట్టమే చేసింది.

కేరళ అనుభవం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1993లో కోళికోడ్ వైద్యకళాశాల కేంద్రంగా, నయంకాని వ్యాధులతో బాధపడేవారికి ఉపశమన చికిత్స అందించే సంఘమొకటి మొదలైంది. తరువాతి సంవత్సరాల్లో, ముస్లింలు అధికసంఖ్యాకులుగా ఉన్న మలప్పురం జిల్లాతో సహా ఆ ప్రాంతమంతటా ఇరుగుపొరుగు వారే శిక్షణ పొంది, నర్సుతో కలిసి రోగి ఇంటికి వెళ్లే వ్యవస్థ విస్తరించింది. కూలీలు, గృహిణులు, విద్యార్థులు అందులో భాగస్వాములయ్యారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ఒక విధానాన్నే ప్రకటించింది. మంచానపడిన ముసలివారి పుండు కడిగే నర్సు పక్కన నిలబడిన యువతికి, ఈ వృత్తి తనకు తగునో తగదో చెప్పడానికి మరొకరు అక్కరలేదు.

రెండవది న్యాయసేవ. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ప్రతి జిల్లాలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయం లోపు ఉన్న పేదలకు అక్కడ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఆ సంస్థ 2009లో రూపొందిన పథకం ప్రకారం పారా లీగల్ వాలంటీర్లను ఎంచుకొని శిక్షణ ఇస్తుంది. వారిని పనికి వినియోగించిన రోజులకు గౌరవవేతనం కూడా ఉంటుంది. లాయరు కానక్కరలేదు. పదో తరగతి చదివినవారికి ప్రాధాన్యం ఉంటుంది. భరణం అందని స్త్రీ, విచారణ ఖైదీ కొడుకు కోసం తిరిగే తల్లి, పింఛను ఆగిన వృద్ధుడు అక్కడికి వస్తారు. వారి అర్జీ రాసి, వారితో కార్యాలయం దాకా నడిచిన యువకుడికి, న్యాయశాస్త్రం చదవాలనిపిస్తే ఆ కోరిక సినిమా చూసి పుట్టినది కాదు. ఇంటర్ తరువాత ఐదేళ్లు, డిగ్రీ తరువాత మూడేళ్లు లాసెట్ ద్వారా చదువుకోవచ్చు. న్యాయస్థానాల్లో మన గొంతు ఎంత అవసరమో ఈ సభకు వివరించనక్కరలేదు.

మూడవది బోధన. మస్జిదులోనో, మదర్సాలోనో, బస్తీ సామాజిక భవనంలోనో సాయంత్రం రెండు గంటలు ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పి చూడండి. ఒకే లెక్కను నాలుగు విధాలుగా చెప్పవలసి వచ్చినప్పుడు విసుగు వస్తుందా, ఉత్సాహం వస్తుందా? ఉపాధ్యాయ వృత్తికి మొదటి పరీక్ష అది. దాన్ని దాటినవారు రెండేళ్ల డీఈడీకో, డిగ్రీ తరువాత రెండేళ్ల బీఈడీకో వెళితే టెట్, డీఎస్సీలు వారికి బరువనిపించవు.

నాలుగవది కాగితాల పని. ఓటరు జాబితాలో పేరు చేర్చే ఫారం 6 నింపడం, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఈ ధ్రువపత్రం, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ. ఇవి చేసిపెట్టే యువకుడికి ప్రభుత్వం ఎలా నడుస్తుందో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. వక్ఫ్ ఆస్తుల రికార్డుల్లో ముతవల్లీలకు సహాయం చేసేవారు సర్వే నంబరు, పహాణీ, అడంగలు, గెజిట్ చదవడం నేర్చుకుంటారు. దాని వెనుక సర్వేయరు, రెవెన్యూ ఉద్యోగం, భూచట్టాల న్యాయవాది అనే దారులున్నాయి. గ్రూపు పరీక్షల వైపు వెళ్లదలచినవారికి ఇంతకంటే మంచి పాఠశాల లేదు.

మరొక మాట. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రెండవ అధికార భాష. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన మన పిల్లలు ఈ రెండు భాషల నడుమ వంతెన కాగలవారు. ఆసుపత్రిలో, కోర్టులో, పోలీసు స్టేషనులో ఉర్దూ మాత్రమే తెలిసిన నానీమాకు మాట సాయం చేసినప్పుడు ఆ సామర్థ్యం బయటపడుతుంది. అనువాదం, జర్నలిజం, భాషా బోధన వీటికి అది పునాది.

ఎలా చేయాలి?

ఎక్కువ సమయం పెట్టమని మేము అడగము. వారానికి మూడు గంటలు చాలు. ఒకేచోట రెండు నెలలకు తక్కువ కాకుండా ఉండండి. మొదటివారం అంతా కొత్తగా ఉంటుంది, మూడోవారం విసుగు వస్తుంది, అసలు సంగతి ఆ తరువాతే తెలుస్తుంది. ఏడాదిలో రెండు మూడు రంగాలు చూడవచ్చు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఇంటికి వచ్చాక నాలుగు విషయాలు రాయండి. ఈరోజు ఏ పని చేశాను? అందులో సమయం తెలియకుండా గడిచినది ఏది? ఏ పని నుంచి తప్పించుకోవాలనిపించింది? అక్కడ జీతానికి పనిచేసేవారిలో ఎవరితో మాట్లాడాను? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. వారు ఏం చదివారు, ఎంత ఖర్చయింది, ఉద్యోగం ఎలా వచ్చింది, మళ్లీ ఎంచుకోవలసివస్తే ఇదే ఎంచుకుంటారా అని మర్యాదగా అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు. కళాశాలలో ఏ కౌన్సెలరూ చెప్పని నిజాలు మీకు అక్కడ దొరుకుతాయి.

రెండు నెలల తరువాత "ఈ పని నాకు వద్దు" అని తేలితే కాలం వృథా అయిందని బాధపడకండి. వద్దని తెలియడం కూడా తెలియడమే. అది కోర్సులో చేరకముందే తెలిసినందుకు అల్హమ్దులిల్లాహ్ అనుకోండి.

జాగ్రత్తలు, హక్కులు

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు. సేవ పేరుతో పిల్లలచేత వెట్టి చేయించుకునేవారు ఉంటారు. లాభం కోసం నడిచే సంస్థ, జీతగాడు చేయవలసిన పనిని నెలల తరబడి ఉచితంగా చేయమంటే అది సేవ కాదు, శ్రమదోపిడీ. రోజంతా ఉండమన్నా, చదువుకు అడ్డం వచ్చినా, చేసిన పనికి ధ్రువపత్రం ఇవ్వనన్నా నిలదీయండి. కూలి మీద ఇల్లు గడిచే కుటుంబం పిల్లవాడిని ఆదివారం కూడా ఉచితంగా పనిచేయమనడం సబబు కాదు. అటువంటి వారికి గౌరవవేతనం ఉన్న అవకాశాలను ముందు చూపాలి.

అమ్మాయిల విషయంలో తల్లిదండ్రుల ఆందోళనను మేము తేలికగా తీసుకోము. పగటివేళ, ఇద్దరు ముగ్గురు కలిసి, మహిళా సిబ్బంది ఉన్నచోట సేవ చేయవచ్చు. ప్రసూతి ఆసుపత్రి, అంగన్‌వాడీ, బాలికల పాఠశాల, మహిళా న్యాయసహాయ కేంద్రం అటువంటి చోట్లు. కానీ ఆందోళన పేరుతో తలుపులన్నీ మూసివేస్తే, రేపు మీ కోడలి ప్రసవానికి మన సముదాయపు లేడీడాక్టరు కావాలని కోరే హక్కు మనకుండదు.

హిజాబు చూసో, పేరు విని ముఖం తిప్పుకునో "అవసరం లేదు" అనే చోట్లు కూడా ఎదురవుతాయి. ప్రభుత్వ సంస్థల్లో అలా జరిగితే మౌనంగా తిరిగిరావద్దు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రాతపూర్వకంగానే సమాధానం కోరండి. మతం ప్రాతిపదికన రాజ్యం వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది.

జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం పూర్తి చేయాలి. మన పిల్లలు చదివే కళాశాలల్లో, ఉర్దూ మాధ్యమ కళాశాలల్లో, మైనారిటీ గురుకులాల్లో ఈ యూనిట్లు ఉన్నాయా? ఉంటే చెట్లు నాటి ఫొటో దిగడంతో సరిపెడుతున్నారా? ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలో భాగమైంది. దాన్ని జిరాక్సు సెంటరులో దొరికే నివేదికతో ముగించకుండా, నిజమైన అనుభవంగా మార్చమని కళాశాలలను అడగవలసినవారు మీరే. సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ కళాశాలల యూనిట్ల వివరాలు కోరండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వడం వారి బాధ్యత.

ఇంకొక విషయం స్పష్టంగా చెప్పాలి. సేవ హక్కులకు ప్రత్యామ్నాయం కాదు. 2022లో కేంద్రం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. ఎనిమిదో తరగతి లోపు మైనారిటీ విద్యార్థులకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను తొలగించింది. "మీ పిల్లలు సేవ చేసి పైకి రావచ్చు" అని రాజ్యం తప్పించుకోవడానికి మా మాటలు ఊతం కాకూడదు. ఉద్యోగాల్లో మన వాటా కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం, నాలుగు శాతం రిజర్వేషన్ల రక్షణ కోసం పోరాటం సాగవలసిందే. వాటి ద్వారా తెరుచుకునే తలుపులను గుర్తుపట్టే చూపు మన పిల్లలకు ఉండాలన్నదే మా తాపత్రయం. తెలియని వృత్తిలో ఎంత రిజర్వేషన్ ఉన్నా దరఖాస్తు చేసేవారు ఉండరు.

పెద్దలకు విన్నపం

చివరిగా పెద్దలతో రెండు మాటలు. ఈ పనికి కావలసిన ఖర్చు చాలా స్వల్పం. ఒక విద్యార్థి ఆసుపత్రికి వెళ్లి రావడానికి బస్సు ఛార్జీ, ఒక పూట టిఫిను. మస్జిదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు ఇందుకోసం సదఖా నిధిలో చిన్న భాగం కేటాయించవచ్చు. ఏ పద్దు నుంచి ఖర్చు చేయాలన్నది ఉలమాలను అడిగి నిర్ణయించండి. పేదింటి పిల్లవాడు ఇరవై రూపాయలు లేక ఇంట్లో కూర్చోకూడదు.

మన మధ్య ఉన్న డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు తమ పేరు, తాము చూపగల పని, ఇవ్వగల సమయం మస్జిదు నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలని కోరుతున్నాము. ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. నెలకు ఒక రోజు ఇద్దరు పిల్లలను తమ కార్యాలయానికి రానిచ్చి, చిన్న పని అప్పగించి, ప్రశ్నలకు సమాధానం చెబితే చాలు. ఉన్నతస్థానానికి చేరినవారు బస్తీకి తిరిగి ఇవ్వగల వాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఆదివారం ఉదయం సేవకు వెళ్తానంటే "దీనివల్ల ఏమొస్తుంది" అని అడ్డుపడకండి. సాయంత్రం వచ్చాక పక్కన కూర్చోబెట్టుకొని, ఏం చూశావు బేటా అని అడగండి. ఉద్యోగస్తుల ఇళ్లలో భోజనాల వేళ జరిగే సంభాషణ అలా మీ ఇంట్లోనూ మొదలవుతుంది.

విద్యార్థులారా, ఈ సభ ముగిసి బయటకు వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. ఆసుపత్రి, న్యాయసేవ, బోధన, కాగితాల పని, అనువాదం అని ఐదు పేజీలున్నాయి. మీకు బాగా తెలిసిన పేజీని వదిలేసి, మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడుగుపెట్టని రంగం ఏదో చూసి, ఆ పేజీలో పేరు రాయండి. వచ్చే ఆదివారం నుంచి పని మొదలవుతుంది.

అల్లాహ్ మీ సంకల్పాలను స్వీకరించుగాక. వస్సలామ్.